అతుకు బలము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాస పాఠము)



ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టము నెత్తుకొందునని వారు తలంచియుందురు. నేను బడిలో చదివినది తక్కువ. పగలు సహకార సంఘమునకు లెక్కలు వ్రాయుచు, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లవద్ద కూర్చుండి, నిఘంటువు సాయమున కావ్యములు చదువుకొన్నవాడను. అయినను నేడు నేను చెప్పదలచినది ఉక్కును గూర్చి. అందును స్టెయిన్‌లెస్ స్టీలు అతుకును గూర్చి. నవ్వవలదు. ఈ ప్రాంగణమున పడమటి మూలనున్న మంచినీటి తొట్టిని మీరందరు ఎరుగుదురు. అది కారినది. ఆ కారుటకును నా లెక్కల పుస్తకమునకును గల సంబంధమును ఈ సభలోనే చెప్పుట నా విధి.

అతుకనగా సంధి. సంధి యనగానే నాకు రెండు సంగతులు తోచును. మొదటిది జరాసంధుని కథ. బృహద్రథ మహారాజు భార్యలిరువురు ఒక మామిడిపండును చెరిసగము తినుటచే శిశువు రెండు వ్రక్కలుగా పుట్టెను. జర యను రాక్షసి ఆ వ్రక్కలను చేర్చెను. బాలుడు బ్రదికి మగధ నేలెను. అంతటి మహాబలుడు చివరకు ఎక్కడ చీలెను? అతికిన చోటనే. వస్తువు ఎంత దృఢమైనదైనను దాని ఆయువు అతుకులో నున్నదని ఈ కథ చెప్పుచున్నది.

రెండవది వ్యాకరణము. ‘మా’, ‘అమ్మ’ యను రెండు పదములు కలియునప్పుడు నడుమ యకారము వచ్చి ‘మాయమ్మ’ యగును. ఆ యకారము ఈ రెండు పదములలో దేనిదియు గాదు. అయినను అది లేనిదే కూర్పు కుదరదు. దానిని ఆగమమందురు. వెల్డరు రెండు రేకుల నడుమ కరగించి పోయు కడ్డీ అట్టి ఆగమమే. ఏ సంధికి ఏ ఆగమమో తెలియక వ్రాసిన మాట తప్పగునట్లే, ఏ రేకునకు ఏ కడ్డీయో తెలియక పోసిన అతుకును తప్పగును.

ఇక తొట్టి సంగతి. నాలుగేండ్ల క్రిందట చందాలు వసూలు చేసి, పాఠకులకును బడిపిల్లలకును దాహము తీర్చుటకై స్టీలు తొట్టి చేయింప నిశ్చయించితిమి. మన యూరి కుర్రవాడే, నాకు దూరపు వరుసకు మేనల్లుడు, ఐ.టి.ఐ.లో వెల్డింగు నేర్చి వచ్చియుండెను. పని అతనికే ఇచ్చితిమి. అతడు మూడు వస్తువులు కోరెను: కర్బనము తక్కువగానున్న రేకు, దానికి తగిన కడ్డీలు, అతుకు వెనుక భాగమును కాపాడుటకు ఆర్గాను వాయువు సిలిండరు. మూడింటి ధరలను నేను కాగితముపై వేసి చూచితిని. చూపునకు అట్లే మెరయు మరియొక రేకు బజారులో చౌకగా దొరకుచుండెను. అయస్కాంతము పెట్టి చూచితిమి, అంటుకొనలేదు. ‘మంచి స్టీలే’ యని తీర్మానించితిమి. సిలిండరు అక్కరలేదంటిమి. ఆ రేకు బిల్లుపై నున్న సంతకము నాది.

ఏడాది తిరుగకముందే అతుకునకు రెండు ప్రక్కల సన్నని ఎఱ్ఱని గీతలు లేచెను. పిదప చెమ్మ, ఆపై చుక్కలు. మరల అయస్కాంతము తెచ్చితిమి. ఈసారి అది అతుకుమీద కొంచెముగా అంటుకొనెను. ‘చూచితిరా, ఇనుప కడ్డీ వాడినాడు’ అని ఒకరనిరి, అందరును ఔననిరి. కుర్రవానికి రావలసిన కూలిలో సగము నిలిపివేయబడెను. ‘పనివాని లోపము’ అని చిట్టాలో నా చేతితోనే వ్రాసితిని. అతడు వాదింపలేదు. మరునెలలో హైదరాబాదు బస్సెక్కెను.

గత సంవత్సరము కంటి పరీక్షకై నేను హైదరాబాదు వెళ్ళి, మాదాపురమున మా అన్నగారి కుమారుని యింట దిగితిని. 1998 నవంబరులో అచట సైబర్ టవర్స్ ప్రారంభమైనది. మన గ్రంథాలయము పుట్టినదియు ఇంచుమించుగా ఆ కాలముననే. 2019 నవంబరు నాటికి మెట్రో రైలు హైటెక్ సిటీని దాటి రాయదుర్గము చేరెను. 2020 సెప్టెంబరులో దుర్గము చెరువుపై తీగల వంతెన తెరువబడెను. ఆ సైబరాబాదును గూర్చి చెప్పువారందరు కంప్యూటర్లను గూర్చి చెప్పుదురు. నా కంటికి ముందుగా ఆనినవి మెట్ల ప్రక్కనున్న స్టీలు చేతిపట్టులు, గాజుగోడలను పట్టియుంచు కొక్కెములు, భోజనశాలలలోని పెద్ద పెద్ద పాత్రలు. మలుపు మలుపున ఒక అతుకు. ఎవరో యొకడు ముసుగు తగిలించుకొని మోకాళ్ళపై కూర్చుండి వేసినవే అవి యన్నియు.

మా అన్నగారి కుమారుడు అచట ఒక కార్యాలయమున పనిచేయును. ఏమి పని యని యడిగితిని. కర్మాగారములో వెల్డింగు చేయకముందే, వేడి ఎంతదూరము ప్రాకును, రేకు ఎటు వంగును అను దానిని కంప్యూటరుపై లెక్కించుట తన పని యని చెప్పెను. తెరపై ఒక ఎఱ్ఱని చుక్క నడచుచుండెను. దాని వెనుక పసుపు, ఆకుపచ్చ, నీలి రంగులు తోకవలె సాగుచుండెను. కదలు వేడిచుక్కను లెక్కలోనికి తెచ్చుటకు గోల్డాక్ మొదలగువారు 1984లో ప్రకటించిన పద్ధతిని నేటికిని వాడుదురట. నేను వెంటనే మేనల్లుని తలంచుకొంటిని. విచారింపగా అతడు అచటికి రెండు కిలోమీటర్ల దూరమున, కట్టుచున్న ఒక భవనమున చేతిపట్టులు అతుకుచున్నాడు. ఒకే వీధిలో ఆడుకొన్న పిల్లలు. ఒకడు అతుకును లెక్కించుచున్నాడు, ఒకడు అతుకును వేయుచున్నాడు. మూడేండ్లుగా ఒకరి మొగము ఒకరు చూడలేదు.

ఒక ఆదివారము ఇద్దరిని ఒక చాపపై కూర్చుండబెట్టితిని. తొట్టికి మాటు వేయునప్పుడు కోసి తీసిన అరచేతియంత ముక్క మన బీరువాలో పడియుండగా, దానిని తెప్పించి వారి ముందుంచితిని. వారిరువురు దానిని ఒక లోహపరీక్షాశాలకు తీసికొనిపోయిరి. అచట దానిని అద్దమువలె నునుపు చేసి, ఆక్సాలిక్ ఆమ్లములో ముంచి, విద్యుత్తు ప్రసరింపజేసి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టిరి. నన్నును చూడుమనిరి. నేను చూచినది మన చెరువుక్రింది ఆయకట్టును మిట్టమీదనుండి చూచినట్లుండెను. ఉక్కు ఒకే ముద్ద కాదు. అది కోట్లకొలది రేణువుల కూర్పు. ఒక్కొక్క రేణువు ఒక్కొక్క మడి; రేణువుల నడుమ నున్న సందులే గట్లు. అతుకునకు దూరముగా గట్లు చక్కగా మెట్లవలె నుండెను. అతుకు నడుమను బాగుగనే యుండెను. అతుకునకు కొలది మిల్లీమీటర్ల దూరమున మాత్రము గట్లన్నియు గండ్లు పడి, మడులచుట్టు కాలువలు త్రవ్వినట్లుండెను. మన నీరు అతుకునుండి కారలేదు. అతుకు ప్రక్కనున్న గట్లనుండి కారినది.

ఇట్లేల జరిగెనో వారు నాకు చెప్పినది మీకు చెప్పెదను. ఉక్కులో కనీసము నూటికి 10.5 పాళ్ళు క్రోమియము కలిసినప్పుడే అది తుప్పునకు తట్టుకొనును. క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, మిల్లీమీటరులో కొన్ని పదిలక్షలవ వంతులు మాత్రమే మందముగల పొరగా ఉక్కును కప్పును. గీత పడినను ఆ పొర మరల తానే అల్లుకొనును. 304 అను పేరుగల మేలు రకమున సుమారు 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు ఉండును. అయితే 450 డిగ్రీలకును 850 డిగ్రీలకును నడుమ ఉక్కు నిలిచినచో, అందలి కర్బనము గట్లవద్దకు చేరి క్రోమియమును పట్టుకొనును. ఆ రెండును కలిసి కార్బైడు అను గట్టి పలుకులగును. గట్టు వెంబడి నున్న క్రోమియము అంతయు ఆ పలుకులపాలై, గట్టు బీదదగును. అచట కాపు పొర నిలువదు. నీటిలో బ్లీచింగు పొడి కలిపినప్పుడు వచ్చు క్లోరైడు అట్టి గట్టునే వెదకి కొరుకును. అతుకు నడుమ కరగి గడ్డకట్టుటచే బ్రదికెను. దూరమున నున్నది చల్లగా నుండుటచే బ్రదికెను. కరగక చల్లబడక నడుమ నలిగినదే చెడెను. సంసారములలోను ఇట్టివి చూచుచుందుము.

మన చౌక రేకున నికెలును తగ్గించి మాంగనీసు కలిపియుండెను. కర్బనము అధికముగా నుండెను. అట్టి రేకునకును అయస్కాంతము అంటదు. కావున అయస్కాంత పరీక్ష మేలురకమును నిర్ణయింపజాలదు. ఇక అతుకు మీద అయస్కాంతము అంటుటను గూర్చి వినుడు. స్టీలు అతుకు గడ్డకట్టునప్పుడు గంధకము, భాస్వరము వంటి మలినములు చివరి ద్రవములో చేరి, రేణువుల నడుమ పలుచని పొరగా నిలిచి, అతుకు వేడిగా నుండగనే దానిని చీల్చును. ఈ చీలికను ఆపుటకు కడ్డీని చేయువారు దాని పాళ్ళను సరిచూచి, అతుకులో నూటికి మూడు మొదలు పది వరకు ఫెర్రైటు అను రూపము ఏర్పడునట్లు చేయుదురు. అది మలినములను తనలో ఇముడ్చుకొనును. ఏ పాళ్ళకు ఎంత ఫెర్రైటు వచ్చునో తెలుపు పటమును షెఫ్లర్ అను శాస్త్రజ్ఞుడు 1949లో ప్రకటించెను. ఆ ఫెర్రైటునకు అయస్కాంత గుణము కలదు. అనగా అతుకు కొంచెముగా అయస్కాంతమును పట్టుట తగిన కడ్డీ వాడినందులకు గుర్తు.

నేను తల యెత్తి మేనల్లుని చూచితిని. ‘కడ్డీలకు మేము సొమ్ము ఈయలేదు గదా, ఎక్కడివి?’ అని యడిగితిని. ‘నా చేతి సొమ్ముతో తెచ్చితిని మామయ్యా. రేకు ఎట్లును మార్చలేను. కడ్డీయైన సరిగా నుండవలెనని’ అనెను. కొంతసేపు ఊరకుండి, ‘నా తప్పును ఒకటి కలదు. రాత్రి కరెంటు పోవునను తొందరలో మొదటి పొర ఆరకముందే రెండవ పొర వేసితిని’ అనెను. అతని నిజాయితీకి సాక్ష్యమైనదానినే మేము అతని నేరమునకు సాక్ష్యముగా చేసికొంటిమి. ముప్పది యేండ్లుగా జమాఖర్చులు సరిచూచువాడను. అంత తలక్రిందులైన పద్దును ఎన్నడును వ్రాసియుండలేదు.

ఆనాడు వారిరువురు నాకు చెప్పిన మెలకువలను, మన యూరి పిల్లలలో ఈ పని నేర్చువారు పలువురు కలరు గావున, వరుసగా చెప్పెదను.

మొదటిది రేకు ఎంపిక. కర్బనము నూటికి 0.03 పాళ్ళకు మించని రకమును 304 ఎల్ అందురు. దానిని 308 ఎల్ కడ్డీతో అతుకుదురు. లేదా టైటానియమో నియోబియమో కలిపిన ఉక్కును వాడుదురు. అవి కర్బనమును ముందే పట్టుకొని క్రోమియమును కాపాడును.

రెండవది వేడి లెక్క. ఇది నాకు మిక్కిలి నచ్చినది. 25 వోల్టులు, 80 ఆంపియర్లు. రెండింటిని గుణింపగా సెకనుకు 2000 జౌళ్లు. చేయి సెకనుకు 4 మిల్లీమీటర్లు కదిలినచో ఒక్కొక్క మిల్లీమీటరునకు 500 జౌళ్లు పడును. 2 మిల్లీమీటర్లే కదిలినచో 1000 జౌళ్లు. ఇందు కొంత గాలిపాలగును. కడ్డీ అదే, కరెంటు అదే. చేయి మందగించినంతమాత్రాన ఖర్చు రెట్టింపు. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని మామూలు ఉక్కులో సుమారు మూడవ వంతు మాత్రమే పారనిచ్చును. వ్యాకోచము దాదాపు ఒకటిన్నర రెట్లు. కావున వేడి ఒకచోటనే నిలిచి రేకును వంచును. తక్కువ వేడితో, దగ్గరదగ్గరగా చుక్కలు పెట్టి, సన్నని పొరలుగా అతుకవలెను. ముందటి పొర సుమారు 150 డిగ్రీలకు దిగినగాని తరువాతి పొర వేయరాదు.

మూడవది రేణువుల పరిమాణము. పటికబెల్లము చేయువారిని అడుగుడు: పాకము మెల్లగా చల్లారిన పెద్ద పలుకులు, త్వరగా చల్లారిన చిన్న పలుకులు. ఉక్కును అంతే. రేణువులు ఎంత చిన్నవైన గట్లు అన్ని ఎక్కువ. వంచు బలమునకు అన్ని అడ్డంకులు. ఈ సంబంధమును 1951లో హాల్, 1953లో పెచ్ అనువారు లెక్కగా నిరూపించిరి. మామూలు కత్తివలె ఈ ఉక్కును కాల్చి నీటముంచి గట్టిపరుప వీలుకాదు గనుక, అతుకు బలమునకు రేణువులను సన్నము చేయుట ముఖ్యోపాయము. కరెంటును ఎక్కువ తక్కువలుగా లయబద్ధముగా కొట్టించి కరగిన లోహమును కలచుట ఒక మార్గము. అప్పుడు పొడవుగా పెరుగు రేణువులు విరిగి చిన్నవగును. 1991లో ఇంగ్లండునందలి వెల్డింగు సంస్థలో కనుగొనిన మరియొక పద్ధతిలో లోహమును కరగింపనే కరగింపరు. త్రిప్పుచున్న మేకుతో మెత్తబరచి పిండివలె కలుపుదురు.

నాలుగవది శుభ్రత. ఇనుము రుద్దిన బ్రష్షుతో స్టీలును రుద్దరాదు. అతుకు వెనుక గాలి తగిలినచో అది చక్కెర పలుకులవలె బరుసెక్కి తుప్పునకు తావగును, అందులకే ఆర్గాను. పని ముగిసిన పిదప ఇంద్రధనుస్సువంటి రంగులు నిలిచియున్నచో అందమనుకొనవలదు. వానిని తీసివేసినగాని కాపు పొర సరిగా అల్లుకొనదు.

అయిదవది ప్రాణము. స్టెయిన్‌లెస్ స్టీలును కడ్డీతో అతుకునప్పుడు లేచు పొగలో హానికరమైన క్రోమియము రూపము కలదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగలను మనుష్యులకు క్యాన్సరు కలిగించువానిలో చేర్చినది. తొట్టి చెడిన మరల చేయవచ్చును. ఊపిరితిత్తులకు మాటు లేదు. పొగను లాగు పంకా, ముక్కునకు తగిన ముసుగు ఇవి ఖర్చు కావు. వీనిని నేను కూలి పద్దులోనే వ్రాయుదును.

ఈ విద్య మనకు పరాయిది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కరగించిన ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చి కూర్చుండెడివారు. ఆ ఉక్కు మేలైన కత్తులైనది. నేడు అదే తెలుగు నేలపై, హైదరాబాదు కంచన్‌బాగులో, రక్షణ లోహ పరిశోధనశాలయు, 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమమును కలవు. రాకెట్లకు వలసిన ఉక్కు ఆ నిగమమున పోయబడుచున్నది. నగరపు ఒక కొనయందు లోహము పుట్టుచున్నది. మరియొక కొనయందు, సైబరాబాదులో, దానిని గూర్చిన లెక్క పుట్టుచున్నది. నడుమ నున్న పనివానికి ఈ రెంటి విద్యయు అందనిచో, మన తొట్టివలె నడుమనే కారును.

అందించుట యెవరి పని? గ్రంథాలయముల పని. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్ర గ్రంథములను తెలుగున అచ్చొత్తించినవారును తలంచినది ఇదియే. మన బీరువాలలో కావ్యములకు తక్కువ లేదు. వానిని తగ్గింపుమని నేననను. వాని ప్రక్కన ఒక అర చేతిపనుల గ్రంథములకు కేటాయింపుడు. నెలకొక ఆదివారము, సైబరాబాదునుండి సెలవునకు వచ్చు మన పిల్లలు, లెక్కించువారును అతుకువారును, ఈ బల్లవద్ద కలిసి కూర్చుండి చిన్నవారికి చెప్పుదురుగాక. మా యింటి ఇద్దరును ఒప్పుకొన్నారు.

చివరి మాట. చిట్టాలో కొట్టివేత యుండరాదని మా పెద్దలు నేర్పిరి. తప్పు పద్దునకు ఎదురు పద్దు వ్రాయవలెను. ‘పనివాని లోపము’ అను పద్దునకు ఎదురుగా, ‘రేకు ఎంపికలో కమిటీ లోపము, బిల్లు సంతకము గణకునిది’ అని నిన్నటి తేదీతో వ్రాసితిని. నిలిపియుంచిన కూలిని, అతడు తెచ్చిన కడ్డీల వెలతో కూడ, నా జీతమునుండి పంపితిని. రసీదుపై అతడు ‘ముట్టినది’ యని మాత్రము వ్రాసి పంపెను. క్రొత్త తొట్టికి రేకు ఎంపిక అతనిదే. బేరమాడు పని నాకు ఈయవలదని కమిటీవారిని వేడుకొనుచున్నాను.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చదివినవానిని చదువనివానితో, పాతదానిని క్రొత్తదానితో అతుకుచున్నది. ఈ అతుకు చిరకాలము నిలుచుగాక.